మా పెళ్లికి మైకు పెట్టింది నేనే

మా పెళ్లి క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించడానికి కడప వైవీ స్ట్రీట్ పక్క సందులోని స్టూడియో అబ్బాయి పన్నెండు వందలు అడిగాడు. "ఒక్క క్యాసెట్టుకా?" అన్నాను. "పాతది గదా సార్, బూజు తుడవాల" అన్నాడు. అదే పని చేసే యూఎస్‌బీ డబ్బీ ఆన్‌లైన్లో ఏడు వందలకే దొరుకుతోంది. అంటే ఐదు వందలు మిగుల్తాయి. ఆ ఐదు వందలు నాకు ఎంతకు పడ్డాయో చెప్తాను.

1997 మే నెలలో దేవుని కడపలో మా పెళ్లి. వీడియో నిండా మూడు గంటలు, ఈ-180 క్యాసెట్టు. 2001లో బుగ్గవంక పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు బియ్యం మూటా, నా డిగ్రీ సర్టిఫికెట్టూ తడిశాయి గానీ ఇది మాత్రం అటక మీద ఉండి బతికిపోయింది. ఆ కాలపు పెళ్లి వీడియో ఎట్లుంటుందో ఇప్పటి పిల్లలకు తెలియదు. మొదట ఒక తామరపువ్వు విచ్చుకుంటుంది. అందులోంచి నా తల వస్తుంది. ఇంకో పువ్వులోంచి మా ఇంటామె తల. రెండూ గిరగిరా తిరిగి లవ్ గుర్తులో ఇరుక్కుంటాయి. పంతులుగారి మంత్రం ఒక్కటీ వినిపించదు, మూడు గంటలూ సినిమా పాటలే. భోజనాల బంతి మీదికి ఆ పెద్ద లైటు పట్టుకున్న పిల్లవాడు వస్తే చాలు, తినేవాళ్లంతా ముద్ద చేతిలోనే పట్టుకుని ఫొటో దిగినట్టు ఆగిపోతారు.

క్యాసెట్టు ఉంది, ఆడించే పెట్టె లేదు. వీసీఆర్లు చేయడం చివరిదాకా మానని జపాను కంపెనీ ఫునై కూడా 2016లో చేతులెత్తేసింది. అదృష్టవశాత్తు మా వీధి చివర, ఒకప్పుడు వీడియో లైబ్రరీ నడిపి ఇప్పుడు సెల్ రీచార్జి దుకాణం పెట్టుకున్న భాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయన అటక మీద ఇంకా ఒక వీసీఆర్ ఉంది. దాన్ని చంటిబిడ్డను అందించినట్టు అందించి, "హెడ్డు తుడ్చకుండా క్యాసెట్టు ఎయ్యొద్దు సార్, నమిలేస్తాది" అన్నాడు.

డబ్బీ వచ్చింది. అగ్గిపెట్టె అంత కూడా లేదు. దాంతో పాటు ఒక చిన్న సీడీ. నా ల్యాప్‌టాప్‌కు సీడీ దూర్చే నోరే లేదు. బెంగళూరులో ఉండే మా వాడికి ఫోన్ చేస్తే, "ఆ సీడీ పారేయ్ నాన్నా. ఓబీఎస్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటాది, అది ఎక్కించుకో. లేకుంటే ఉగాదికి నేను వస్తా గదా, అంతవరకు గమ్మునుండు" అన్నాడు. ఆ చివరి మాట నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఫ్యూజులు కట్టినవాణ్ని నేను.

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి కూర్చున్నాను. వీసీఆర్ వెనక రెండే బొక్కలు, పసుపు ఒకటి, తెలుపు ఒకటి. డబ్బీ తీగకు మూడు మూతులు, పసుపు, తెలుపు, ఎరుపు.

"ఆ ఎర్రది మిగిలిపాయ గదా అబ్బీ, దాన్ని యాడ పెడతావు?" అంది మా అమ్మ.

"అది స్టీరియోకమ్మా. మనది మోనో."

"అంటే భాయ్ మనకు తక్కువది ఇచ్చినాడా?"

ఓబీఎస్‌లో 'వీడియో క్యాప్చర్ డివైస్' అని చేర్చగానే తెర మీద పెళ్లికొడుకు ప్రత్యక్షమయ్యాడు. కాకపోతే బట్టతల, బనియను, ముక్కు కొసన చత్వారం అద్దాలు. అది నేనే, ఈనాటి నేను. ల్యాప్‌టాప్ కెమెరా. మా వాడు మళ్లీ ఫోన్లో చెప్పాడు: కంప్యూటరు ఈ డబ్బీని కూడా ఇంకో కెమెరా అనుకుంటుందట, ఏది కావాలో జాబితాలో మనమే ఎంచుకోవాలట. ఎంచుకున్నాను. బొమ్మ వచ్చింది. కానీ నలుపు తెలుపు, పైగా కిందికీ మీదికీ దొర్లుతోంది.

"మన పెళ్లి కలర్లో తీయలేదా?" అంది మా ఇంటామె. ఆ గొంతులో ఇరవై ఏడేళ్ల అనుమానం పలికింది.

"నాన్నా, అది ఎన్‌టీఎస్‌సీలో ఉండాది. పాల్‌కు మార్చు."

స్పీకరులో విన్న మా అమ్మ, "పాలా? ఇందాకే పోసిపాయ" అంది.

ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా వాళ్ల టీవీ పద్ధతిలో బొమ్మకు 525 గీతలు, సెకనుకు దగ్గరదగ్గర 30 బొమ్మలు. మన పాల్ పద్ధతిలో 625 గీతలు, 25 బొమ్మలు. డబ్బీ చేసినవాడు అమెరికాను తలుచుకుని చేశాడు, మా క్యాసెట్టేమో కడపది. సెట్టింగుల్లో పాల్ వెతికి నొక్కాను. దొర్లే బొమ్మ ఒక్కసారి వణికి నిలబడింది. మా ఇంటామె ఒంటి మీది బూడిదరంగు చీర మామిడిపండు రంగుకు తిరిగింది, అంచు పండుమిరపకాయ ఎరుపు. ఆమె చేతిలోని చెనక్కాయల చాట అట్లాగే ఆగిపోయింది. నిమిషం పాటు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఆ చీర మేం పెట్టిందే" అంది మా అమ్మ. మామూలు లోకంలోకి వచ్చేశాం.

ఇక సౌండు. ఇంటిల్లిపాదీ చూడాలి గదా అని వీసీఆర్ నుంచి యాంటెన్నా తీగ ఒకటి టీవీకి కూడా కలిపాను. పాటలు హాలంతా మోగుతున్నాయి. ఓబీఎస్ అడుగున ఆకుపచ్చ గీత ఎగిరెగిరి పడుతోంది. సౌండు పోతోందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మా ఇంటామె మాట్లాడినప్పుడల్లా ఆ గీత పసుపు దాటి ఎరుపులోకి పోవడం కూడా చూశాను. తబలా అనుకున్నాను.

క్యాసెట్టు మూడు గంటలదైతే ఎక్కించడానికీ మూడు గంటలే. పెళ్లి క్యాసెట్టును తొందరపెడితే కుదరదు. అమ్మా, మా ఇంటామె టీవీ ముందు కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ ఆ మాటా ఈ మాటా అనుకున్నారు. నేను మధ్యలో ఆఫీసుకు ఒక ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి పని అయిపోయింది, మూడున్నర జీబీ ఫైలు. మొదటి నిమిషం వేసి చూశాను. తామరపువ్వు, నా తల, వెనక పాట. పాట కాస్త పక్క వీధిలో మోగుతున్నట్టుంది. పాతది గదా అనుకుని మూసేశాను.

ఉగాదికి ఇల్లు నిండింది. దేవుని కడప గుడికి ఆ రోజు ముస్లింలు కూడా వచ్చి, బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ అని వెంకటేశ్వరస్వామికి టెంకాయ కొట్టిపోతారు. అట్లా పొద్దున్నే వెళ్లొచ్చిన భాయ్ తన వీసీఆర్ చేసిన ఘనకార్యం చూద్దామని మా ఇంటికీ వచ్చాడు. ప్రొద్దుటూరు నుంచి మా మేనత్త వచ్చింది. ఎనభై దాటింది, వినికిడి తగ్గింది, తక్కినవేవీ తగ్గలేదు. మా అక్కా, బావా వచ్చారు. మా వాడూ వచ్చాడు. అందరికీ ఓళిగలు, నెయ్యి ఇచ్చి కూర్చోబెట్టి పెన్‌డ్రైవ్ టీవీకి గుచ్చాను.

తామరపువ్వు విచ్చుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"సౌండు రాలేదేంరా? పెంచు" అంది మేనత్త. పెంచాను. "ఇంగా." ఇంకా పెంచాను.

భోజనాల బంతి వచ్చింది. టీవీలోంచి మా ఇంటామె గొంతు ఖంగున మోగింది.

"అత్తా, మీ అల్లుడు ఈ బంతిలో గూడా ఉండాడే! ఇది మూడోది."

వెనకే మా అమ్మ గొంతు. "ఆ పొద్దు ఆయప్పకు పంటినొప్పి. లేకుంటే ఇంగా తినేటోడు."

తెర మీద లైటు పడి బావ ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. సోఫాలో బావ ఓళిగ చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. బొమ్మ ఏదో మనిషి ఏదో తెలియలేదు.

రిమోట్ కోసం చెయ్యి చాచాను. మా రిమోట్ వెనక మూత ఊడి చాలా కాలమైంది, రబ్బరు బ్యాండుతో నడుస్తోంది. కంగారులో బ్యాండు తెగి సెల్లులు సోఫా కిందికి దొర్లాయి. నేను సోఫా కింద ఉండగా టీవీ తన పని తాను చేసుకుపోయింది.

"ఈయనకు అప్పుడు గూడా ముందర జుట్టు ఇంతే అత్తా. బాసికం యాడ కట్టాల్నో పంతులుకే తెలీలే."

తెర మీద నేను నవ్వుతూ జీలకర్రా బెల్లం పెడుతున్నాను. అదే సమయంలో నా గొంతు మూలుగుతూ, "జొరం సార్, నూటరెండు. మంచం దిగలేకుండా ఉండా." భాయ్ నా వైపు జాలిగా చూశాడు. మా పైఅధికారిని పండక్కి పిలుద్దామని మొన్నటిదాకా అనుకున్నాను. పిలవలేదు, దేవుడున్నాడు.

మా వాడు నా పక్కన బోర్లా పడుకుని సెల్లులు వెతుకుతూ చెవిలో అన్నాడు: "కెమెరా జాబితాలో డబ్బీని ఎంచుకున్నావు గదా నాన్నా, మైకు జాబితాలో?"

"దానికీ జాబితా ఉంటాదా?"

"బొమ్మకు వేరే, సౌండుకు వేరే. నువ్వు ల్యాప్‌టాప్ మైకే ఉంచేసినావు. మూడు గంటలు మన ఇల్లే రికార్డయింది."

"నా వీసీఆర్ తప్పేం లేదు గదా సార్?" అన్నాడు పైనుంచి భాయ్.

అప్పటికి తెర మీద చదివింపులు మొదలయ్యాయి. మేనత్త కుర్చీ ముందుకు జరుపుకుంది. "పెంచరా, నేను వస్తాండా."

మా అమ్మ గొంతు, ఏ తబలాకూ తీసిపోకుండా: "మా వదిన యాభై ఒక్క రూపాయి చదివించి మైకులో పేరు మూడు తూర్లు చెప్పించుకునింది. పోతా పోతా లడ్లు మూటగట్టుకునింది."

"ఇంగేమి ఇయ్యలేదా అత్తా?"

"ఏమిచ్చింది, దీవెనలు ఇచ్చింది."

ఆ మాటకు సరిగ్గా పంతులుగారు మంగళసూత్రం ఎత్తి చూపించారు. నేను వంగి తాళి కడుతున్నాను. సన్నాయి లేదు, మేళం లేదు. ఒకదాని వెనక ఒకటి మూడు కుక్కరు ఈలలు. ముడికొకటి.

టీవీ ప్లగ్ పీకింది ఎవరో నాకు తెలియదు. హాల్లో ఫ్యాను చప్పుడు మాత్రం మిగిలింది. మా అమ్మకు ఉన్నట్టుండి తులసి మొక్కకు నీళ్లు పోయాలని గుర్తొచ్చింది. మా ఇంటామె వంటింటి గడప మీద గరిటెతో నిలబడిపోయింది.

మేనత్త అద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "యాభై ఒకటి గాదు. చదివింపుల పుస్తకం తీండి."

"ఇప్పుడెందుకులే అత్తా..." అన్నాను సోఫా కిందినుంచే.

"తీరా."

మా ఇళ్లల్లో ఆస్తి పత్రాలు పోవచ్చు గానీ చదివింపుల పుస్తకం పోదు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే మనమెంత చదివించాలో అందులో చూసే గదా చదివిస్తాం. ట్రంకుపెట్టె అడుగునుంచి నాలుగు మూలలా పసుపు పూసిన నూరు పేజీల నోటుబుక్కు బయటికి వచ్చింది. చదివే బాధ్యత బావ తీసుకున్నాడు. తన మూడు బంతుల సంగతి జనం మర్చిపోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. వేలు పెట్టి ఒక్కో పేరూ దిగుతూ ఆరో పేజీలో ఆగాడు.

"ప్రొద్దుటూరు మేనత్త. నూటపదార్లు." గొంతు సవరించుకుని పక్క గడిలోది కూడా చదివాడు. "కుక్కరు ఒకటి. అయిదు లీటర్లు."

ఎవరూ కదల్లేదు. అందరి చూపూ గడప మీదున్న మా ఇంటామె మీదికి, ఆమె మీదుగా వెనక పొయ్యి మీదికి పోయింది.

"ఇందాక ఈలేసింది యా కుక్కరు?" అంది మేనత్త.

"పప్పుకు పెట్టింటి పెద్దమ్మా."

"యా కుక్కరమ్మా?"

"అదే. రబ్బరు మాత్రం నాలుగైదు తూర్లు మార్చినాం."

మేనత్త మాట్లాడలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాళ్లు కాస్త చాపుకుని, మా వాడి వైపు చెయ్యి ఊపింది.

"అబ్బీ, టీవీ పెట్టు. ఆ ఈల ఇంగో తూరి ఎయ్."