ప్రీమియం తగ్గింది సరే, హైదరాబాద్ బిల్లు సంగతి?

2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. 20,000 ప్రీమియం కట్టే ఇంటికి ఏటా 3,600 మిగులు. కంపెనీ ఇప్పించే గ్రూప్ పాలసీకి మాత్రం పన్ను అట్లాగే ఉంది. ఏజెంట్లు ఊరూరా చెబుతున్నది ఈ మిగులు గురించే. మిర్యాలగూడ, జడ్చర్ల లాంటి చోట్ల అడగాల్సింది వేరే ఉంది.

చాలా కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడగొట్టి, చిన్న పట్టణం చిరునామాకు ప్రీమియం తక్కువ వేస్తాయి. పెద్దాపరేషన్ అనగానే మనం ఎక్కేది హైదరాబాద్ బస్సే. అక్కడ చేరితే కొన్ని పాలసీల్లో 10 నుంచి 20 శాతం కో-పే, అంటే బిల్లులో మనమే కట్టాల్సిన వాటా, మన నెత్తిన పడుతుంది. 4 లక్షల బిల్లుకు 20 శాతమంటే 80,000. ఇరవై రెండేళ్ల జీఎస్టీ మిగులు ఒక్క అడ్మిషన్‌తో హుష్‌కాకి! పై జోన్ ప్రీమియం కట్టే వీలుంటే రెన్యువల్‌లోనే మార్పించుకోవాలి.

గది అద్దం కాదు, గది అద్దె చూడాలి. 5 లక్షల పాలసీలో అద్దె పరిమితి బీమా మొత్తంలో 1 శాతమైతే రోజుకు 5,000. రోగి 10,000 గదిలో చేరితే కోత అద్దెతో ఆగదు, డాక్టర్, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల్లోనూ సగమే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. వర్తింపజేస్తే నిలదీయండి.

షుగరు, బీపీ ఉన్నవాళ్లకు బీమా నిబంధనల్లో 2024లో వచ్చిన మార్పులే అసలు మేలు. పాత జబ్బులకు వెయిటింగ్, అంటే క్లెయిము దొరకడానికి ఆగాల్సిన కాలం, గరిష్ఠంగా మూడేళ్లే. వరుసగా ఐదేళ్లు నిండితే, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారని క్లెయిము కొట్టేయలేరు. వార్షిక ప్రీమియం కట్టే తేదీ దాటాక ఇచ్చే 30 రోజుల గడువు కూడా దాటితే ఈ లెక్క తెగిపోతుంది. కంపెనీ మారాలంటే రెన్యువల్‌కు 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి, నిండిన కాలం వెంట వస్తుంది.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. ఇప్పుడు పరిమితి 10 లక్షలు. అర్హత ఉన్నవాళ్లు మన చికిత్స జాబితాలో ఉందా అని దవాఖానలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

క్యాష్‌లెస్‌కు (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) గంటలో, డిశ్చార్జికి మూడు గంటల్లో బీమా కంపెనీ తేల్చాలి. క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.