మారిషస్ వెళ్తే ఆ 16 మెట్లు కూడా చూసి రండి

మా అక్క కొడుక్కి మాఘమాసంలో పెళ్లయింది. వచ్చే నెల ఇద్దరూ మారిషస్ వెళ్తున్నారు. "పిన్నీ, నువ్వు పోయినేడు వెళ్లొచ్చావు కదా, ఈ ప్యాకేజీ బాగుందో లేదో చూసి చెప్పు" అని నిన్న వాట్సాప్‌లో పంపించాడు. ఆరు రోజులు. ఇల్ ఓ సెర్ఫ్ దీవిలో ఒకరోజు. షమరెల్ రంగుల నేల, జలపాతం, రమ్ము తయారుచేసే చోటు ఒకరోజు. గంగా తలావ్ సరస్సు ఒక పూట. తోటల దొరలు కట్టుకున్న పాత బంగళా వరండాలో ఒక మధ్యాహ్న భోజనం. మిగతాదంతా బీచే. రాజధాని పోర్ట్ లూయీకి మూడు గంటలు ఇచ్చారు, అది కూడా కోడాన్ వాటర్‌ఫ్రంట్‌లో షాపింగ్ చేసుకోవడానికి.

మేం వెళ్లినప్పుడు మాకిచ్చిన ప్యాకేజీ కూడా అచ్చం ఇదే. వాడికి ఫోన్లో చెప్పడం మొదలుపెడితే గంట దాటింది. వాడికి చెప్పిందే మీకూ చెప్పాలనిపించింది.

ఆ షాపింగ్ చేసే చోటు నుంచి పది నిమిషాలు నడిస్తే ఆప్రవాసీ ఘాట్ వస్తుంది, చెరుకుతోటల్లో పనికి మన దేశం నుంచి తెచ్చిన కూలీలు ఓడ దిగిన రేవు. టికెట్ కూడా లేదు. మేం వెళ్లిన రోజు మాతోపాటు ఒక స్కూలు పిల్లల గుంపు తప్ప ఇంకెవరూ లేరు. నల్లరాతి మెట్లు, సరిగ్గా 16. అంచులు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. పైకెక్కితే కాపలావాడి గది, ఆసుపత్రి గోడలు, వంటశాల, వరసగా మరుగుదొడ్లు. ఓడ దిగినవాళ్లని ఒకటి రెండు రోజులు అక్కడ ఉంచి, మనిషికో నంబరు వేసి, ఎవరు ఏ చెరుకుతోటకి పోవాలో తేల్చి పంపేసేవారు. 1849లో కట్టిన ఆ డిపోలో చాలా భాగం తర్వాత రోడ్డు వేయడంలో పోయింది. ఇప్పుడు పక్కనే హైవే, లారీల మోత. 1987 దాకా దాని పేరు కూలీ ఘాట్. 2006లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. అలాంటి చోటు మన ప్యాకేజీల్లో ఒక్క లైను కూడా లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

మనం ఫోటోలు తీసుకునే ఆ పచ్చదనమంతా ఎవరి చేతుల మీద వచ్చిందో ఒకసారి ఆలోచించండి. చెరుకుని 1639లో డచ్చివాళ్లు జావా నుంచి తెచ్చి నాటారు. తర్వాత ఫ్రెంచివాళ్లు ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసల్ని దించి తోటలు వేయించారు. 1810లో దీవి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం ఇచ్చారు. ఎవరికనుకున్నారు? బానిసల్ని పోగొట్టుకున్న యజమానులకి, 20 లక్షల పౌండ్లకు పైగా. విడుదలైనవాళ్ల చేతిలో చిల్లిగవ్వ పెట్టలేదు సరికదా, అప్రెంటిస్ అని పేరు మార్చి ఇంకో నాలుగేళ్లు అదే తోటలో పనిచేయించుకున్నారు.

తోటకి మళ్లీ మనుషులు కావాలి. ఆ రద్దు అమలయ్యేలోపే మనవైపు చూశారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది దిగారు. అక్కడినుంచి 1920 లోపు దాదాపు 5 లక్షల మందిని ఆ దీవికి తీసుకెళ్లారు. అగ్రిమెంటు ఐదేళ్లు, మగవాడికి నెలకి 5 రూపాయలు, కొంచెం బియ్యం, పప్పు, ఉప్పు, నూనె. జ్వరమొచ్చో ఇంకెందుకో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్లు. నెలాఖరుకి వాడి చేతిలో ఏం మిగిలేదో మీరే లెక్క కట్టుకోండి.

ఈ 5 లక్షల మందిలో మనవాళ్లున్నారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల వాళ్లు. 1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడ తెలుగువాళ్లని తీసుకెళ్లింది. కోరంగి అంటే మా కాకినాడ పక్కదే. 1839 తుపాను ఆ రేవుని ఊడ్చిపెట్టేసింది, ఆ తర్వాత మళ్లీ మునుపటిలా కోలుకోలేదు. కానీ పేరు మాత్రం సముద్రం దాటి బతికింది. మారిషస్‌లో తెలుగువాళ్లని ఎన్నో తరాలు కొరింగీలు అనే పిలిచారు. ఈ సంగతి కాకినాడలో పుట్టి పెరిగిన నాకు యాభై దాటేవరకూ ఎవరూ చెప్పలేదు, బళ్లో కూడా.

చెరుకుతోటల మధ్య కార్లో పోతుంటే పొలం నడుమ పెద్ద పెద్ద నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. కొన్ని ఇంటి ఎత్తున ఉంటాయి. అది అగ్నిపర్వతం పుట్టించిన దీవి, ఎక్కడ తవ్వినా రాయే. నాగలి దిగాలంటే ముందు ఆ రాళ్లు ఏరాలి. బానిసలు, వాళ్ల తర్వాత మన కూలీలు చేతుల్తో ఏరి, నెత్తిన మోసి పేర్చిన రాళ్లవి. మనం చూడాల్సిన కట్టడం ఏదైనా ఉంటే నా దృష్టిలో అదే. వాటిలో కొన్నింటిని పట్టుకుని ఎప్పటివో పురాతన పిరమిడ్లు అని ప్రచారం చేసినవాళ్లు కూడా ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. చేసిన కష్టానికి కూలి సరిగ్గా ఇవ్వలేదు, కనీసం చేసినవాడి పేరైనా దక్కనివ్వరా?

1867లో ఇంకో చట్టం తెచ్చారు. అగ్రిమెంటు పూర్తయి బయటికొచ్చిన కూలీ అయినా సరే, తన ఫోటో అంటించిన టికెట్ ఎప్పుడూ దగ్గర పెట్టుకుని తిరగాలి. లేకపోతే పోలీసు పట్టుకుని దేశదిమ్మరి కింద లోపలేస్తాడు. ఈ అన్యాయం మీద 1871లో 9,401 మంది పాత కూలీలు అర్జీ పెట్టుకున్నారు. రాసిపెట్టింది అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లాయన. అందుకని తోటి తెల్లవాళ్లే ఆయన్ని పోర్ట్ లూయీ వీధిలో కొట్టారు. తర్వాతి ఏడు లండన్ నుంచి విచారణ కమిషన్ దిగింది.

ఇప్పుడు అదే నేల మీద ఏం జరుగుతోందో చూడండి. యూరప్ వాళ్లు మారిషస్ పంచదారకి మంచి ధర ఇచ్చే ఏర్పాటు 1975 నుంచి ఉండేది. 2006 తర్వాత ఆ ధర 36 శాతం తగ్గించేశారు, ఆ ఏర్పాటూ పోయింది. చెరుకు గిట్టుబాటు కాక మిల్లులు మూతపడ్డాయి. తోటల కంపెనీలు భూముల్ని గోల్ఫు మైదానాలుగా, విల్లాలుగా మార్చి అమ్ముతున్నాయి. ఆ విల్లా కొన్న విదేశీయుడికి ఆ దేశంలో ఉండే హక్కు కూడా వస్తుంది. ఐదేళ్లు చెరుకు నరికినవాడికేమో రోడ్డు మీద నడవడానికి ఫోటో టికెట్ కావాల్సొచ్చింది.

టూరిజం వద్దని నేననడం లేదు. పన్నెండు లక్షల చిల్లర జనాభా ఉన్న దేశానికి ఏటా అంతకంటే ఎక్కువమంది టూరిస్టులొస్తారు. ఎన్నో ఇళ్లు దానిమీదే నడుస్తున్నాయి. సముద్రం అందంగా ఉంది, చూడండి, మునగండి. 2020లో వకాషియో అనే ఓడ పగడపు దిబ్బకెక్కి దాని ఇంధనం సముద్రంలోకి కారిపోతుంటే, అక్కడి జనం చెరుకాకుని గుడ్డసంచుల్లో కుక్కి పొడుగాటి తాళ్లలా కుట్టి నీళ్లలో అడ్డం వేశారు. ఆ సముద్రం మీద వాళ్లకున్న ప్రేమ అలాంటిది. నా బాధల్లా, దొరబంగళాలో భోజనం చేసేటప్పుడు ఆ పాతకాలపు వెండి గిన్నెల గురించి పావుగంట చెప్పిన గైడు, ఆ గిన్నెలు తోమినవాళ్లు ఎక్కడ పడుకునేవాళ్లని అడిగితే ఒక్క ముక్క చెప్పలేకపోయాడు. చిన్న కుర్రాడు, వాడి తప్పు కాదు. వాడికి నేర్పినదాంట్లో అది లేదు.

లె మోర్న్ కొండ దగ్గరా అంతే. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ అది. విడుదల కబురు చెప్పడానికి వచ్చిన సిపాయిల్ని చూసి, మళ్లీ పట్టుకోవడానికే వచ్చారనుకుని పైనుంచి దూకేశారని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కొండ నీడలో ఖరీదైన హోటళ్లున్నాయి. కొండని వెనక పెట్టి ఫోటోలు తీసుకునేవాళ్లలో ఎంతమందికి తెలుసు ఈ కథ?

నాకు ఇవన్నీ చెప్పింది ప్యాకేజీ వాళ్లు కాదు, నాలుగో రోజు మేం విడిగా మాట్లాడుకున్న టాక్సీ ఆయన. అరవై ఏళ్లుంటాయి. మాది కాకినాడ అనగానే బండి పక్కకి ఆపేశాడు. "మేం కొరింగీలం మేడమ్" అన్నాడు. తెలుగు మాట్లాడలేడు, ఇంట్లో ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి క్రియోల్ భాషే. కానీ ఒకటి నుంచి ఇరవై దాకా తెలుగులో గడగడా లెక్కపెట్టాడు, వాళ్ల నాయనమ్మ నేర్పిందట. వాళ్లు సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. అమ్మోరు పండుగ చేస్తారు. దీపం పెట్టి చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారు. ఉగాదికి దేశమంతా సెలవు. మా కాకినాడలో నేను అమ్మోరు అంటే మా అమ్మాయి నవ్వుతుంది, "అమ్మవారు అనొచ్చుగా" అంటుంది. ఆ మాటనే ఆయన నోట అంతదూరంలో వింటే నాకు గొంతు పట్టేసింది.

ఆయన మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్లావిడ చిన్నపిల్లలకి పెట్టినట్టు దగ్గర కూర్చుని దాల్ పూరీ పెట్టింది. ఇంటి వెనక అర ఎకరం ఉంటుంది, వాళ్ల తాతల నాడు తోటదొర ముక్కలు చేసి అమ్మినప్పుడు కూలిడబ్బులు కూడబెట్టి కొన్నది. గోడకి ఒక ఫోటో. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో కూలీల రిజిస్టర్లు, ఫోటోలు భద్రంగా ఉన్నాయి. అక్కడ వెతికించి తెచ్చుకున్నాడట. 1870లలో దిగిన ఆయన ముత్తాత. ఛాతీ దాకానే తీశారు, భుజాన ఉత్తరీయం, కళ్లు సూటిగా మనవైపే. ఆ నుదురు మా పెదనాన్న నుదురులాగే ఉంది, అంతకంటే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

"మా ఊరెక్కడో మీరు కనుక్కుని చెప్తారా మేడమ్?" అని రిజిస్టర్ నకలు నా చేతిలో పెట్టాడు. జిల్లా విశాఖపట్నం. తాలూకా చీపురుపల్లి అని పోల్చుకున్నాను. ఊరి పేరు గుమాస్తా తన చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషులో రాసుకున్నాడు, నేను చదివితే కొత్తపేట అనిపించింది. మనకి ఊరికో కొత్తపేట ఉంటుంది. తిరిగొచ్చి ఏడాదైంది, ఇద్దరు ముగ్గుర్ని అడిగాను, తేలలేదు. చీపురుపల్లి, గరివిడి, రాజాం వైపు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ దగ్గర పాత కొత్తపేట ఏదైనా ఉందేమో, మావాళ్లలో ఒకడు ఓడెక్కి మళ్లీ రాలేదని ఏ ఇంట్లోనైనా ముసలాళ్లు చెప్పుకునేవారేమో, దయచేసి అడిగి చూడండి. ఆయన నెలకోసారి మెసేజ్ పెడుతూనే ఉన్నాడు.