మహారాజశ్రీ పరగడుపు గారికి ఓ సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) వాడి విన్నపం

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనే అనుకున్నాను. ఈ పొద్దున మీ దర్శనం కోసం గంటసేపు బెంచీ మీద కునికిపాట్లు పడి, ‘ఇది ఫాస్టింగ్ కాదు, రేపు రండి’ అనిపించుకుని వచ్చాక నా కుశలం సంగతి నాకే తెలియడం లేదు.

కంపెనీ మెడికల్‌లో షుగర్ పరీక్ష కదా, నోటీసు బోర్డు మీద తమరి పేరు పెద్దక్షరాల్లో వేశారు. ‘రాత్రి ఎనిమిదింటికల్లా భోజనం ముగించి, పరగడుపున రావలెను.’ రాత్రి ఎనిమిదింటికి నేను గాజువాకలో బస్సు కోసం క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంటాను. అది తెరిచేది ఒంటిగంటన్నరకి. తొమ్మిదింటికి రక్తం తీసే అబ్బాయి వేళ్లు మడిచి లెక్కపెట్టి, ఎనిమిది గంటల ఉపవాసానికి అరగంట తక్కువన్నాడు. అరగంటేగా, కూర్చుంటానన్నాను. ‘మధ్యలో టీ తాగారా?’

తాగాను బాబూ, నాలుగింటికి. తాగకపోతే మెషీన్ మీద పడేవాణ్ణి.

అసలు తమరు ఎవరికి పరగడుపు? నిద్ర లేచి ఏమీ తినకముందు అయితే, నేను లేచేది మధ్యాహ్నం మూడింటికి. అదీ పాత ఇనుప సామాన్ల ఆటో మైకు దయదలిస్తే. మూడింటికి వస్తానంటే ల్యాబ్ మూసేస్తారట. తమరి చుట్టం హెచ్‌బీ ఏ వన్ సీ అని ఒకాయన ఉన్నాడు. మూడు నెలల చక్కెర లెక్క ఒక్క చుక్కలో చెప్పేస్తాడు, ఎప్పుడు తిన్నావని అడగడు. మా ప్యాకేజీలో ఆయన లేడు. ఖరీదట.

ఉత్త చేతులతో పంపలేదు లెండి, కరపత్రం ఇచ్చారు. వేళకు తినండి, వేళకు పడుకోండి, ఉదయం నడవండి. ఖైనీ మానండి. మానేస్తాను, మూడున్నరకి కళ్లు మూతపడకుండా ఉండే ఉపాయం కూడా అచ్చేయించి ఇవ్వండి. అదే ముద్ద పగలు తిన్నదానికంటే అర్ధరాత్రి తింటే చక్కెర ఎక్కువ లేస్తుందని డాక్టర్లే చెబుతారు. ఒంట్లో గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఆ గడియారాన్ని ఈ వారం రాత్రి సి, వచ్చే వారం పొద్దున ఏ, పై వారం మధ్యాహ్నం బి అని తిప్పేవాళ్లు మాత్రం మాకు కరపత్రాలు పంచుతారు.

వేళకు తినాలట! ఆ వేళ ఎవడి చేతిలో ఉంది? రోస్టర్ నేను రాస్తున్నానా? పొద్దున ఏడింటికి పెసరట్టు పెడుతూ ఇది టిఫినా, రాత్రి భోజనమా అని అడగడం మా ఆవిడే ఎప్పుడో మానేసింది. తమరొక్కరే ఇంకా పట్టుకు వేలాడుతున్నారు.

సరే, రేపు రమ్మన్నారు కదా. ఈ రాత్రీ సి షిఫ్టే. పన్నెండున్నరకే తినేసి, టీ వైపు చూడకుండా వద్దామనే నిర్ణయించుకున్నాను. ఇంతలో సూపర్‌వైజర్ మెసేజ్ పెట్టాడు: ‘రేపు నీ రిలీవర్ లీవు. పొద్దున “ఏ” షిఫ్ట్ కూడా నువ్వే చూసుకో.’

ఇట్లు,
ఒంటిగంటన్నరకి తిన్నవాడు