ఆఫ్రికా మీద ఆ "7 నిజాలు" మెసేజ్ పంపేవాళ్ళకి

"ఆఫ్రికా గురించి ఎవరూ చెప్పని 7 నిజాలు" అని ఒకటి తిరుగుతోంది కదా. స్కూల్ గ్రూప్‌లో వచ్చింది, ఆఫీస్ గ్రూప్‌లో వచ్చింది, ఆఖరికి మా బాబాయ్ కూడా పంపాడు, కింద "పదిమందికి షేర్ చేయండి" అని. బాబాయ్‌కి ఒక దండం ఎమోజీ పెట్టి ఊరుకున్నా. మిగతావాళ్ళు మాత్రం ఇది చదవాల్సిందే.

1. ఖండంలో ముప్పాతిక వంతు ఇసుకే అట. సహారా దాదాపు 92 లక్షల చదరపు కిలోమీటర్లు, ఖండం మొత్తం 3 కోట్ల పైన. భాగహారం మీరే చేసుకోండి, కలహారీ, నమీబ్ ఎడారులు కలిపినా ముప్పాతిక రాదు. పైగా సహారాలో కూడా ఇసుక దిబ్బలు పావు వంతే, మిగతాదంతా రాతి నేల, గులకరాళ్ళు, కొండలు. చాద్‌లో ఎమీ కూసీ అనే అగ్నిపర్వతం 3,400 మీటర్ల పైనే ఉంటుంది. ఇంకోటి, సుమారు 11,000 ఏళ్ళ కిందటి నుంచి 5,000 ఏళ్ళ కిందటి దాకా సహారాలో చాలా భాగం గడ్డి మైదానాలు, చెరువులు. అల్జీరియాలో తస్సిలి కొండల రాళ్ళ మీద పశువుల మందల బొమ్మలున్నాయి, ఊహించుకుని వేసినవి కావు.

2. "అక్కడ మంచు పడదు." కిలిమంజారో. అయిపోయింది. కాదు, ఇంకా కావాలంటే మొరాకోలో, లెసోతోలో జనం స్కీయింగ్ చేస్తారు.

3. "ఆఫ్రికన్ భాష"కి లిపి లేదట. ఏ భాషకి? సుమారు 2,000 ఉన్నాయి, ఒక్క నైజీరియాలోనే 500 దాటతాయి. మడగాస్కర్ వాళ్ళ భాషకైతే పక్కనున్న ఖండంతో కాదు, ఇండోనేషియాలోని బోర్నియో వైపు భాషలతో చుట్టరికం, పడవలెక్కి సముద్రం దాటొచ్చిన వాళ్ళది. ఇక లిపులంటారా, ఇథియోపియాలో గీజ్, సూడాన్‌లో మెరోయిటిక్, ఉత్తరాన తిఫినాగ్, లైబీరియాలో వాయి, 1949లో సొలొమానా కాంతె తయారుచేసిన న్కో. మాలి దేశంలోని తింబుక్తు చేతిరాత పుస్తకాల సంగతి ఎత్తను, మళ్ళీ "అవి అరబిక్ లిపిలో ఉన్నాయిగా" అంటారు.

4. ఇప్పుడు అసలు విషం. "తెల్లవాళ్ళు వచ్చేదాకా సహారాకి దక్షిణాన రాయి మీద రాయి పెట్టి కట్టినోడు లేడు."

ఇది వాట్సాప్‌లో పుట్టింది కాదు, వయసు నూరేళ్ళు దాటింది, ఒకప్పుడు దీని వెనకాల ప్రభుత్వాలే ఉన్నాయి. ఇప్పటి జింబాబ్వే దేశంలో గ్రేట్ జింబాబ్వే అని ఒక నగరం శిథిలాలున్నాయి, 11 నుంచి 15వ శతాబ్దం దాకా షోనా మాట్లాడేవాళ్ళ పూర్వీకులు కట్టింది. సున్నం లేదు, మట్టి లేదు, చెక్కిన గ్రానైట్ రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి 11 మీటర్ల ఎత్తు దాకా లేపిన గోడ, చుట్టుకొలత 250 మీటర్లు. 1871లో కార్ల్ మౌఖ్ అనే జర్మన్ అక్కడికెళ్ళి గుమ్మం దూలం నుంచి ఒక చెక్క పేడు తీసి చూశాడు, అది తన పెన్సిల్ చెక్కలాగే ఉందట, పెన్సిల్ దేవదారుతో చేస్తారు, దేవదారు లెబనాన్ నుంచి వస్తుంది, కాబట్టి ఇది బైబిల్‌లో చెప్పే షీబా రాణి కట్టించిందే! ఒక్క పెన్సిల్‌తో ఒక జాతి చరిత్ర మొత్తం చెరిపేశాడు మహానుభావుడు. ఆ చెక్కేమో స్థానికంగా దొరికే చెట్టుదే. తర్వాత 1902లో రిచర్డ్ హాల్ అనే ఆయన్ని సంరక్షణకి పెడితే, "తర్వాత వచ్చిన నల్లవాళ్ళ చెత్త" తీసేస్తున్నా అనుకుంటూ అడుగుల లోతు మట్టి తవ్వి పారబోశాడు, ఎవరు కట్టారో చెప్పే ఆధారం ఉన్నది ఆ మట్టిలోనే. 1905లో పురావస్తు నిపుణుడు రాండల్ మెకైవర్ తవ్వి చూసి ఇది ఆఫ్రికన్ల పనే అన్నాడు. 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ మళ్ళీ తవ్వి అదే తేల్చింది. అయినా రొడీషియా (అప్పట్లో జింబాబ్వే పేరు అదే) తెల్లవాళ్ళ ప్రభుత్వం 1970ల్లో కూడా ఆ మాట బయట చెప్పొద్దని నిపుణుల మీద ఒత్తిడి పెడుతూనే ఉంది. ఎందుకో తెలుసా? "ఇక్కడ ఎవరూ ఏమీ కట్టలేదు" అంటేనే "ఈ నేల మాది" అనడానికి వీలు. మీరు ఫార్వర్డ్ కొడుతోంది ఆ వాక్యాన్నే, స్మైలీ పెట్టి మరీ.

ఆ నగరం అక్కడే ఎందుకు లేచిందో చూసినా బుర్ర వెలుగుతుంది. పీఠభూమి ఎత్తులో ఉంది, పశువుల్ని చంపే సెట్సీ ఈగ బెడద కింది లోయల్లో కంటే తక్కువ, మందలు మేపుకోవచ్చు, పడమటి బంగారు గనులకీ తూర్పున సొఫాలా రేవుకీ మధ్యలో కూర్చోవచ్చు. శిథిలాల్లో చైనా పింగాణీ ముక్కలు దొరికాయి. చైనాతో సరుకు మారకం చేసే లోకంలో ఉన్నవాళ్ళని పట్టుకుని "బయటి ప్రపంచం తెలీదు" అని రాసిన వాడికి ఏం తెలుసో మరి.

5. "జనాభా ఎక్కువ, అందుకే ఆకలి." సుమారు 150 కోట్ల మంది, అంటే చదరపు కిలోమీటరుకి 50 చిల్లర. యూరోపియన్ యూనియన్‌లో 100 దాటుతుంది, అక్కడ ఎవరూ ఆకలి అనట్లేదే! అలాగని ఖండం అంతా ఒకేలా లేదు, రువాండా కిక్కిరిసి ఉంటుంది, నమీబియాలో మనిషి కనపడాలంటే కారేసుకుని వెళ్ళాలి. 2024లో సూడాన్‌లో జంజం నిర్వాసితుల శిబిరంలో కరువు వచ్చింది యుద్ధం వల్ల. 1980ల ఇథియోపియా కరువులో వానలు లేకపోవడం ఎంతో యుద్ధం కూడా అంతే.

6. ఉత్తరానికి పారే నది ప్రపంచంలో నైలు ఒక్కటేనట. చాద్ సరస్సులో పడే షారీ? సైబీరియాలోని పెద్ద నదులు? సరే పోనీ, తర్వాతది.

7. "వాళ్ళ భౌగోళికమే వాళ్ళకి శాపం." ఇక్కడ ఆ రాసినాయనకి సగం మార్కులు ఇస్తా, నిజంగానే. యూరప్‌కి మూడింతల విస్తీర్ణం ఉండి తీరం పొడవు మాత్రం యూరప్ కంటే తక్కువ, సహజమైన రేవులు కొన్నే. ఖండం చాలా చోట్ల పీఠభూమి కదా, నదులు సముద్రం చేరే ముందు దూకేస్తాయి. కాంగో నదిలో కిన్షాసా నుంచి పైకి 1,700 కిలోమీటర్లు పడవలో పోవచ్చు, కానీ అక్కణ్ణించి సముద్రం వైపు మటాడి రేవు దాకా అన్నీ జలపాతాలే, దాన్ని తప్పించుకోవడానికి 1898 నాటికి రైలు వేయాల్సొచ్చింది. 16 దేశాలకి సముద్రమే లేదు, ఉగాండా రాజధాని కంపాలాకి సరుకు కెన్యాలోని మొంబాసా రేవు నుంచి వెయ్యి కిలోమీటర్లకి పైగా రోడ్డు మీద రావాలి. ఇవి చిన్న కష్టాలు కావు.

కానీ దాన్నుంచి "కాబట్టి ఎప్పటికీ బాగుపడరు" అని ఎలా లాగాడో! బోట్స్వానాకి సముద్రం లేదు, నేలలో చాలా భాగం కలహారీ, 1966లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ప్రపంచంలోని పేద దేశాల్లో ఒకటి, ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు అత్యంత వేగంగా ఎదిగిన దేశాల్లో ఒకటి. వజ్రాలు దొరికాయి నిజమే, వజ్రాలు కాంగోలో కూడా ఉన్నాయి, తేడా ఆ డబ్బుని ఏం చేశారన్న దాంట్లో ఉంది. కెన్యా అయితే నేల చీలి ఏర్పడిన రిఫ్ట్ లోయ కింద వేడితోనే తన కరెంట్‌లో సగానికి దగ్గరగా తీస్తోంది, అదీ భౌగోళికమే మరి.

అన్నట్టు ఆ మెసేజ్ కింద "ఆఫ్రికా అడవుల రారాజు" అని పెట్టిన ఫోటోలో ఉన్నది పులి. ఆఫ్రికా అడవుల్లో పులులు లేవు బాబూ.