మామయ్యగారూ, రెండు కవర్లూ

జపాన్‌లో దొరకనిదంటూ లేదు. నడివీధిలో మిషన్ నొక్కితే వేడి కాఫీ దొరుకుతుంది. రైల్లో పోయిన పర్సు డబ్బులతో సహా దొరుకుతుంది. చెత్తబుట్ట మాత్రం దొరకదు. 1995లో టోక్యో మెట్రోలో విషవాయువు దాడి జరిగాక భద్రత పేరుతో చాలాచోట్ల బుట్టలు తీసేశారు. జనం కూడా కిక్కురుమనకుండా ఎవరి చెత్త వాళ్ళు సంచిలో పెట్టుకుని ఇంటికి మోసుకెళ్ళడం అలవాటు చేసుకున్నారు. మమ్మల్ని చూడటానికి నగోయా వచ్చిన అత్తయ్యగారికి ఈ సంగతంతా వివరంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, వెళ్ళి పులిహోర కలిపారు.

షిరకావాగో అనే పల్లె, తకయామా అనే పాత పట్నం, రెండూ ఒక్కరోజులో చూపించే బస్సు టూరది. గైడు అమ్మాయి పసుపు జెండా పట్టుకుని "షిరకావాగోలో మన బస్సు 12.40కి బయల్దేరుతుంది" అంది. మామయ్యగారు రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు. "అంటే ఒంటిగంటకి" అని నాకు తర్జుమా చేసి చెప్పారు.

దారిలో హిదా సొరంగం. దాదాపు పదకొండు కిలోమీటర్లు. అది మొదలైన చోటే అత్తయ్యగారు డబ్బా మూత తీశారు, ఇంగువ సరిగ్గా పట్టిందో లేదో చూద్దామని. సరిగ్గానే పట్టింది. బస్సు కిటికీలు తెరుచుకోవు. గైడు అమ్మాయి నవ్వు చెదరకుండా వచ్చి, దిగాక బయట తింటే చాలా బావుంటుందని వంగి దణ్ణం పెట్టి చెప్పింది.

షిరకావాగో ఇళ్ళని ఫోటోల్లో చూసే ఉంటారు. మంచు నిలవకుండా జారిపోవాలని గడ్డికప్పుని నిట్టనిలువుగా వేస్తారు. కప్పు దూలాలకి మేకు అన్నది లేదు, అంతా తాళ్ళతో బిగించిన కట్టే. పై అటకల మీద పట్టుపురుగులు పెంచేవారు, కింద నేలలో తుపాకీమందుకి కావలసిన సురేకారం తయారుచేసేవారు. ముప్ఫై నలభై ఏళ్ళకోసారి ఊరంతా కలిసొచ్చి ఒక ఇంటికి కొత్త గడ్డి కప్పుతారని గైడు చెప్పగానే మామయ్యగారు చెయ్యెత్తారు.

"కంట్రాక్టరెవరు?"

"ఎవరూ లేరండీ. ఊళ్ళోవాళ్ళే."

"మరి బిల్లు ఎవరు పాస్ చేస్తారు?"

ఆ అమ్మాయికి ప్రశ్న అర్థం కాలేదు. మామయ్యగారికి ఆ ఊరు అర్థం కాలేదు.

ఏటి ఒడ్డున బల్ల మీద పులిహోర అయింది, ఆవకాయ అయింది, అరటిపళ్ళు అయ్యాయి. మిగిలిన కాగితం ప్లేట్లు, తొక్కలు, నూనె ఓడుతున్న ఆవకాయ ప్యాకెట్టు అన్నీ ఓ తెల్ల కవర్లోకి చేరాయి. ఆ కవరు మామయ్యగారి చేతికి చేరింది. కూల్‌డ్రింకుల మిషన్ పక్కన డబ్బా కనపడగానే ఆయన ముఖం వెలిగింది. దానికున్నవి సీసా పట్టేంత గుండ్రటి కంతలు, సీసాలకీ డబ్బాలకీ తప్ప ఇంక దేనికీ కాదు. ఆయన అరటితొక్కని చుట్టి, మడిచి, బొటనవేలితో సగం దాకా కుక్కారు. ఎక్కడినుంచి వచ్చిందో పసుపు జెండా వచ్చేసింది. తొక్కని మళ్ళీ బయటికి లాగాల్సి వచ్చింది. బస్సు 12.40కే కదిలింది.

తకయామాలో పాత వీధులు చూశాం. సాకే అనే బియ్యపు సారా అమ్మే కొట్ల ముందు దేవదారు రెమ్మల బంతులు వేలాడుతున్నాయి. పుల్లకి గుచ్చిన బియ్యప్పిండి ఉండల్ని దాంగో అంటారు. ఇక్కడి దాంగోకి తీపి పూయరు, సోయా సాస్ రాసి నిప్పుల మీద కాలుస్తారు. షుగరున్న మామయ్యగారు ఓ పుల్ల లాగించి, కొట్టావిడ పుల్లని వెనక్కి తీసుకోవడం చూసి, ఆశగా కవరు కూడా చాచారు. ఆవిడ పుల్ల మాత్రం తీసుకుంది.

తర్వాత తకయామా జిన్యా. 1692 నుంచి షోగన్ అనే సైనిక పాలకుడి ప్రభుత్వం తరఫున ఎడో నుంచి, అంటే ఇప్పటి టోక్యో నుంచి వచ్చిన అధికారులు ఈ సీమని ఏలిన కచేరీ ఇది. వసూలైన శిస్తు బియ్యం నిలవచేసే కొట్టు ఉంది. నేరస్థుల్ని విచారించే చోటుంది, ఒప్పించడానికి వాడిన సామగ్రీ ఉంది. "అచ్చం మా తాలూకాఫీసే. మాకు నోటీసులిచ్చే అధికారమే ఉండేదనుకో" అన్నారు మామయ్యగారు కాస్త దిగులుగా.

లోపలికి బూట్లతో పోకూడదు. గుమ్మం దగ్గర కవరిస్తారు, బూట్లు అందులో వేసి వెంట తిప్పుకోవాలి. అలా ఆయన చేతికి రెండో తెల్ల కవరు వచ్చింది. సర్కారు కచేరీలో అడుగుపెట్టేసరికి పాత ధైర్యం కూడా వచ్చినట్టుంది. బియ్యం కొట్టు దాటాక చూస్తే ఆయన ఒంటి కవరుతో, ముప్ఫై ఏళ్ళు చిన్నవాడిలా నడుస్తున్నారు.

"నాన్నా, చెత్త ఏదీ?" అంది మా ఆవిడ.

"ఓ మూల సర్దేశాలే. ఆఫీసన్నాక స్వీపరుండడా?"

బయట మెట్ల దగ్గర కూచుని కవరు విప్పారు. అరటితొక్క పైకొచ్చింది.

బస్సుకి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. మేజోళ్ళతో మామయ్యగారు, గడియారం చూసుకుంటూ జెండా, "ఈయన్ని కట్టుకున్నప్పట్నించీ ఇంతే" అంటూ అత్తయ్యగారు. నేను లోపలికి పరిగెత్తబోతుంటే, యూనిఫామ్‌లో ఉన్న ఓ పెద్దాయన ఎదురొచ్చాడు. రెండు చేతుల్లో తెల్ల కవరు, లోపల బూట్లు. ఆలస్యమైనందుకు క్షమించమని వంగి, అంతకంటే కిందికి మళ్ళీ వంగి, మామయ్యగారికి అప్పగించాడు. మామయ్యగారు బూట్లు తొడుక్కుని, ఖాళీ అయిన కవరు వైపు, నిండుగా ఉన్న కవరు వైపు, ఆ పెద్దాయన వైపు చూశారు.

"వద్దు మామయ్యగారూ" అన్నాను. "అది కూడా తెచ్చిచ్చేస్తారు."

రాత్రి నగోయాలో ఇల్లు చేరాక అసలు పని మొదలైంది. తొక్కలూ ప్లేట్లూ కాలే చెత్త సంచిలోకి. ప్యాకెట్టు ప్లాస్టిక్ సంచిలోకి, అదీ శుభ్రంగా కడిగితేనే. మోసిన చేతులే కడగాలని మా ఆవిడ తీర్పు చెప్పింది. మామయ్యగారు సింకు ముందు నిలబడి, చొక్కా చేతులు మడిచి, ఆవకాయ ప్యాకెట్టుకి సబ్బు రుద్దుతుంటే అత్తయ్యగారు కుర్చీ లాక్కుని దగ్గరగా వేసుకున్నారు.

"వీడియో తియ్యవే. కాఫీ గ్లాసు కూడా కడిగిన మనిషి కాదు. మా చెల్లెలు చెప్తే నమ్మదు."