కడుపు ఒకరిది, సలహా ఊరందరిది

బెంగళూరులో తెలుగింటి కోడలు నెల తప్పిందన్న కబురు మారతహళ్ళి నుంచి మదనపల్లె చేరడానికి రెండు ఫోన్లు చాలు. మూడో ఫోన్ మోగేసరికి ఆమె నోరు ఉమ్మడి ఆస్తి. అందులోకి ఏం పోవాలో తేల్చే హక్కు అత్తగారికి, అమ్మకు, మేనత్తకు, కింది ఫ్లోరు ఆంటీకి సరిసమానం. డాక్టరమ్మకూ ఓటుంది. ఒకటే, అదీ నెలకోసారి.

ఈ సలహా మండలిని వెక్కిరించే ఉద్దేశం మాకు లేదు. "ఇద్దరి తిండి తినాలమ్మా" అన్న తీర్మానాన్ని వియ్యపురాళ్ళిద్దరూ ఒక్క మాట మీద ఆమోదించడమే పెద్ద విశేషం. దర్శిని హోటల్లో ఇద్దరు నిలబడి ఒక కాఫీని 'బై టూ' చేసుకునే ఊళ్ళో, ఒక్క మనిషి రెండు కంచాలు ఖాళీ చెయ్యాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మాత్రం మహా పిసినారి. అదనంగా రోజుకు 350 కేలరీలు చాలంటుంది. రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు, గ్లాసు పాలతో ఆ లెక్క ఇంచుమించు తీరిపోతుంది. వేవిళ్ళతో సతమతమయ్యే మొదటి మూడు నెలల్లో అదీ పెద్దగా అక్కర్లేదు. మరి డబ్బాడు సున్నుండలు ఏం కావాలి? అందుకని తినిపిస్తారు. తర్వాత 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలాగి చేసే పరీక్షలో షుగర్ 140 తగిలితే తప్పు ల్యాబుదే.

మండలిలో అన్నిటికన్నా చురుకైనది రంగు శాఖ. గ్రాము వందల రూపాయలు పలికే కుంకుమపువ్వును పాలలో కలిపి, బిడ్డ పండులా పుడుతుందని హామీ ఇస్తుంది. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువులను బట్టి వస్తుందని ఎవరైనా గొణిగితే, అల్లుడి వంక ఒకసారి చూసి ఇంకో రెండు రేకలు ఎక్కువ వేస్తుంది.

రక్తం శాఖదీ రంగు సిద్ధాంతమే. ఎర్రగా ఉన్నదల్లా రక్తం అవుతుంది కనుక బీట్‌రూట్ జ్యూసు పొద్దున, దానిమ్మ సాయంత్రం. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాములుంటుంది, పైన 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. అంటే ఒక్క మాత్రకు ఆరు కిలోల పైచిలుకు బీట్‌రూట్. అయినా మాత్ర ఎరుపు పైపూతే కదా, నమ్మేదెలా?

ఎలాగూ తెచ్చారు కాబట్టి మింగించే పద్ధతి చూడండి. భోజనం కాగానే ఒక అరచేతిలో ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ పెట్టి, గొంతు దిగడానికి చిక్కటి ఫిల్టర్ కాఫీ ఇస్తారు. కాల్షియం ఇనుమును అడ్డుకుంటుంది. మిగిలిన పని కాఫీ పూర్తి చేస్తుంది. రెండు మాత్రలకూ కనీసం రెండు గంటలు, ఐరన్‌కూ కాఫీ టీలకూ కనీసం గంట ఎడం ఉండాలి. నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. కడుపులో తిప్పితే రాత్రి పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. ఇవన్నీ డాక్టరమ్మ చీటీ మీద రాస్తుంది. ఆ చీటీ స్కాన్ రిపోర్టుల కవరులో భద్రంగా ఉంటుంది.

నాలుగో రోజుకు విరేచనం నల్లగా అవుతుంది, మలబద్ధకం మొదలవుతుంది. ఒంటికి పట్టని ఇనుము అలాగే బయటికి పోతుంది, నీళ్ళు, పీచు ఉన్న కూరలు పెంచితే సర్దుకుంటుంది. మండలి మాత్రం అత్యవసరంగా సమావేశమై మూడు తీర్పులిస్తుంది: మాత్ర వేడి చేసింది, బిడ్డ నల్లగా పుడుతుంది, మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుంది. మాత్ర బంద్. హిమోగ్లోబిన్ ఉండాల్సిన 11 కంటే తగ్గి 8 దగ్గరికి వచ్చి, కాన్పులో రక్తం పోతే తట్టుకునేదెలా అని డాక్టరమ్మ కేకలేస్తే జ్యూసులో ఇంకో బీట్‌రూట్ పడుతుంది.

ఈలోగా అమ్మాయి ఎవరూ చూడకుండా బలపాలు కొరుకుతుంటుంది. "కడుపుతో ఉన్నప్పుడు కోరింది తిననివ్వాలి" అని పెద్దలు మురిసిపోతారు. మట్టి, బలపం, పచ్చి బియ్యం మీదికి మనసు పోవడం చాలాసార్లు రక్తహీనతకు గుర్తు. ఆ బలపాలను ఆన్‌లైన్‌లో డబ్బాలకు డబ్బాలు అమ్ముతున్నారు కూడా. బొప్పాయి జోలికి మాత్రం పోకూడదు. పాలు కారే పచ్చికాయ వద్దనడంలో న్యాయముంది. బాగా మిగల పండిన పండు చేసిన పాపమేమిటో నిషేధాజ్ఞలో రాయలేదు.

కాన్పు కాగానే పాత మండలి రద్దై పత్యం మండలి ఏర్పడుతుంది. పాలిచ్చే తల్లికి నీళ్ళు గుక్కెడే, పెరుగు జలుబు, కూరల్లో బీరకాయకే ప్రవేశం. కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు వేసుకోవాల్సిన ఐరన్ మాత్రల మీద చర్చకు సమయం చాలదు. బిడ్డ ఎవరి పోలికో ఇంకా తేలలేదు మరి.