అరటి తొక్క అంతర్ధానం

కుండ పుట్టాలంటే మట్టి ఉండాలి, కుమ్మరి ఉండాలి, సారె తిరగాలి అని మన తర్కశాస్త్ర పండితులు, నైయాయికులు, వందల ఏళ్లు గొంతు చించుకుని చెప్పారు. కారణం లేకుండా కార్యం ఉండదన్న ఆ సిద్ధాంతాన్ని కాదనగల మొనగాడు పుట్టలేదనే నేనూ నమ్ముతూ వచ్చాను. మొన్న సంక్రాంతికి చెన్నై నుంచి వచ్చిన మా మేనల్లుడు నా చేతిలో పెట్టిన, పునరుద్ధరించిన ఒక పాత సినిమా ఫోర్‌కే డిస్కు ఆ నమ్మకాన్ని రెండున్నర గంటల్లో పటాపంచలు చేసింది.

అది నలుపు తెలుపుల కాలం నాటి కుటుంబ హాస్యచిత్రం. పేరు చెప్పను, చెబితే దానికి ఈ గతి పట్టించిన సంస్థవారికి ఉచిత ప్రచారం దక్కుతుంది. ఒక పెళ్లివారిల్లు, పిసినారి మామగారు, నోరున్న మేనత్త, చెవిటి వంటవాడు, ఒక నిచ్చెన, ఒక సున్నం బాల్చీ, కొన్ని అరటిపళ్లు. అంతకు మించి కథ లేదు, దాని అవసరమూ ఎవరికీ తోచలేదు. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా ఊరి టూరింగ్ టాకీస్‌లో నేల టికెట్టు కొని, ఇసుకలో కూర్చుని నేను దాన్ని ఏడుసార్లు చూశాను. డిస్కు అట్ట మీద ‘మునుపెన్నడూ చూడని విధంగా’ అని బంగారు రంగు అక్షరాలతో అచ్చు వేశారు. ఆ మాటలో అబద్ధం లేదని ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ రోజుల్లో సినిమా బొమ్మ దాదాపు చదరంగా ఉండేది. వెడల్పు 4 పాళ్లయితే ఎత్తు దాదాపు 3 పాళ్లు. ఈనాటి టీవీ తెర కొలత 16 కి 9. పాత బొమ్మను ఉన్నదున్నట్టు చూపితే తెరకు ఇరుపక్కలా నల్ల పట్టీలు మిగిలిపోతాయి. అంత డబ్బు పోసి టీవీ కొన్నవాడు నల్ల పట్టీలు చూడవలసి రావడమా అని సంస్థవారికి జాలి కలిగింది కాబోలు, బొమ్మను తెర వెడల్పుకు సరిపడా పెంచి, పైనా కిందా పొర్లిపోయిన భాగాన్ని కోసి పారేశారు. లెక్క వేసి చూసుకోండి, ఎత్తులో దాదాపు పావు వంతు పోతుంది. రూపాయిలో పావలా అన్నమాట. పైన ఒక బేడ, అంటే అర పావలా, కింద ఒక బేడ. చేపల పులుసులో తలా తోకా తీసేసి, నడిమి ముక్కలు వడ్డించి, ఇదే నిండు చేప అని ఒక నెల్లూరు మనిషికి చెప్పి చూడండి, ఆ విస్తరి ఎవరి ముఖాన పడుతుందో తెలుస్తుంది.

ఆ కింది బేడలో ఏమున్నదో చెప్పడానికే ఈ వ్యాసం. అందులో అరటి తొక్క ఉంది.

ఎదురుకోలు జరిగే ఘట్టం అది. తోడిపెళ్లికొడుకు అరటిపండు తిని తొక్కను హాలు మధ్యలో పడేస్తాడు. కెమెరా కదలదు. హాలంతా కనిపిస్తూ ఉంటుంది, తొక్క బొమ్మ అడుగు అంచున పడి ఉంటుంది. మొదట మేనత్త వస్తుంది. ఆమె పాదం తొక్కకు జానెడు దూరంలో ఆగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పక్కకు తప్పుకుంటుంది. తరువాత పురోహితుడు దాన్ని చూసి గోదానం నాటి ఆవుదూడలా ఎగిరి దాటుతాడు. గుండిగ మోసుకొచ్చిన వంటవాడు దాని చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగి వెళతాడు. తొక్క తీసి అవతల పారేద్దామన్న ఆలోచన ఆ ఇంట ఒక్కరికీ రాదు. మన పెళ్లిళ్ల గురించి ఇంతకన్నా నిజం చెప్పిన సన్నివేశం నేను మరొకటి చూడలేదు. ఈలోగా నేల తరగతి మొత్తం ‘తొక్క, తొక్క’ అని తెర మీది మనుషులను హెచ్చరిస్తూ ఉండేది. చివరికి పట్టు పంచె కట్టుకుని, వెండి పళ్లెం పట్టుకుని, వియ్యంకుడు ఠీవిగా వస్తాడు. జారతాడు. పళ్లెం ఎగిరి నిచ్చెనకు తగులుతుంది, నిచ్చెన మీది సున్నం బాల్చీ ఒరుగుతుంది, మామగారు నఖశిఖపర్యంతం తెల్లబడతారు.

పునరుద్ధరించిన ప్రతిలో మనుషులకు పాదాలు లేవు గనుక నేల లేదు, నేల లేదు గనుక తొక్క లేదు. మేనత్త హాలు మధ్యకు వచ్చి, ఏమీ లేని చోట హఠాత్తుగా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుంటుంది. పురోహితుడు ఉన్నట్టుండి ఎగురుతాడు. వంటవాడు గుండిగతో కంటికి కనబడని దైవానికి ప్రదక్షిణం చేసి భక్తిగా నిష్క్రమిస్తాడు. వియ్యంకుడు నడుస్తూ నడుస్తూ, సీతమ్మవారిని భూమి తీసుకున్నట్టుగా, తెర అడుగుకు దిగిపోతాడు. పై బేడ కూడా పోయింది గనుక నిచ్చెనకు కొస లేదు, బాల్చీ లేదు. ఆకాశం నుంచి పుష్పవృష్టి కురిసినట్టు మామగారి మీద సున్నం కురుస్తుంది. ఆయన తలెత్తి పైకి చూస్తారు. మేమూ చూశాం. పైన మా సీలింగ్ ఫ్యాను తప్ప మరేమీ లేదు.

ఆరేళ్ల మా మనవడు కొంతసేపు ఆలోచించి, “తాతా, ఆయనకు ఫిట్సా?” అని అడిగాడు. “పూజారికి కూడానా?” అన్నాడు మళ్లీ. పూర్వజన్మ కర్మ అని చెప్పాను. ఇంకేం చెప్పను? ఫోర్‌కే తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం దాదాపు 83 లక్షల చుక్కలు ఉంటాయని మా మేనల్లుడు గర్వంగా చెప్పాడు. అన్ని లక్షల చుక్కల్లో ఒక్క అరటి తొక్కకు చోటు దొరకలేదు.

మిగిలిన మరమ్మతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫిల్ము మీది సన్నని రవ్వను తుడిచే ఉత్సాహంలో ముఖాల మీది ముడతలను కూడా తుడిచేశారు. మేనత్త పింగాణీ బొమ్మలా ఉంది, మామగారి మీసం అతికించిన జిగురు మాత్రం అద్దంలా కనబడుతోంది. ఒకే గొట్టంలోంచి వచ్చిన నాటి శబ్దాన్ని అయిదు స్పీకర్లకు పంచారు గనుక, తెర మీద పడిన చెంపదెబ్బ సోఫా వెనక మోగింది. మా పెద్దన్న ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు.

వీటన్నిటినీ నవ్వుకుని వదిలేయవచ్చు. పేర్లనే వదిలేయలేను. సినిమా మొదట్లో వచ్చే నటుల పేర్ల పలకకు కూడా ఇదే కత్తెర పడింది. అడుగున ఉన్న వరుస మాయమైంది. అడుగు వరుసలో ఉండేది ఎవరు? ఆ వియ్యంకుడు, ఆ వంటవాడు. పెద్ద నటుల పేర్లు మధ్యలో భద్రంగా ఉన్నాయి. మనల్ని నవ్వించడానికి గచ్చు మీద నడుము విరిగేలా పడ్డవాడికి ఆ సినిమాలో మిగిలిన ఆస్తి ఆ ఒక్క పేరే, దాన్ని కూడా పీకేశారు. అట్ట మీద మాత్రం సంస్థ ముద్ర అరచేయంత ఉంది. దీన్ని పునరుద్ధరణ అనడానికి నోరెలా వచ్చింది? ఇది దొంగతనం. మన దేశపు తొలి టాకీ, 1931 నాటి ‘ఆలం ఆరా’కు ఒక్క ప్రింటు కూడా మిగలలేదంటే, అది కాపాడుకోలేక పోగొట్టుకున్నది. ఇది డబ్బు ఖర్చుపెట్టి, యంత్రాలు తెచ్చి, మనుషులకు జీతాలిచ్చి మరీ పోగొట్టినది.

మా జిల్లావాడు గనుక హాస్యనటుడు రమణారెడ్డి గారి విషయంలో నాకు మరింత భయం. 1921లో నెల్లూరు దగ్గర జగదేవిపేటలో పుట్టిన ఆ వెదురుబొంగులాంటి మనిషి హాస్యమంతా నిలువులోనే ఉంది. ‘మాయాబజార్’లో చిన్నమయ్యగా చూడండి, ‘గుండమ్మ కథ’లో గంటయ్యగా చూడండి, తల నుంచి పాదం దాకా ఆ శరీరమే ఒక వాక్యం. తెలుగులో తొలి వెడల్పు తెర (సినిమాస్కోప్) చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది 1974లో. ఆయన కన్నుమూసిందీ ఆ ఏడాదే. దాదాపు జీవితమంతా చదరపు బొమ్మలో నిటారుగా నిలబడి నవ్వించిన మనిషిని పైన ఒక బేడ, కింద ఒక బేడ తెగ్గోయడానికి ఏ చెయ్యి లేస్తుందో, ఆ చేతిని నేను ఒకసారి చూడాలి.

మా టూరింగ్ టాకీస్‌లో కూడా అప్పుడప్పుడు బొమ్మ జారేది. కాళ్లు తెర పైభాగానికీ తలలు కిందికీ వచ్చి, నడుమ ఒక నల్ల గీత పడేది. వెంటనే నేల తరగతి నుంచి ఈలలు, ‘ఫ్రేమ్, ఫ్రేమ్’ అని కేకలు లేచేవి. బీడీ తాగుతున్న ఆపరేటరు లోపలికి పరుగెత్తి ఒక మర తిప్పితే కాళ్లు నేలకు దిగేవి.

డెబ్భై ఎనిమిదేళ్ల మా పెద్దన్న సోఫాలో ముందుకు జరిగి, “ఏందబ్బయా, కాళ్లు యాడబోయినాయి?” అని నన్నడిగి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. ముందరి పళ్లు లేకపోవడంతో ఈల రాలేదు, గాలి మాత్రం వచ్చింది. “ఫ్రేమ్ సరిచెయ్ రా!” అని టీవీ మీద అరిచాడు. మనవడు రిమోటు తెచ్చి, సన్నివేశాన్ని వెనక్కి జరిపి, ఇంకేదో నొక్కాడు. శబ్దం పెరిగింది. వియ్యంకుడు మళ్లీ పడ్డాడు, ఈసారి ఇంకా గట్టిగా.